బెల్లోనా ఓడ దిగిన రోజ్ కుటుంబం: ఆస్ట్రేలియా తొలి ‘స్వేచ్ఛా’ రైతుల వెనుక ఎవరున్నారు?

బ్రిటన్ తన ఖైదీలను ఓడల్లో పంపి ఆస్ట్రేలియాలో నెలకొల్పిన న్యూ సౌత్ వేల్స్ వలస రాజ్యంలో 1828లో జనాభా లెక్కలు తీశారు. ప్రతి పేరు పక్కన ఒక పొట్టి గుర్తు వేశారు. శిక్ష పూర్తయి విడుదలైనవారికి ‘ఎఫ్‌ఎస్’, ఆ గడ్డ మీదే పుట్టినవారికి ‘బీసీ’, ఎవరూ బేడీలు వేసి తీసుకురాకుండా తమంతట తామే వచ్చినవారికి ‘సీఎఫ్’. ఈ చివరిది ‘కేమ్ ఫ్రీ’ అన్న మాటకు పొడి అక్షరాలు. మొత్తం 36,598 మంది లెక్కకు వస్తే, అందులో 15,728 మంది అప్పటికింకా శిక్ష అనుభవిస్తున్న ఖైదీలు. విడుదలైన పాత ఖైదీలను, వాళ్ల పిల్లలను కూడా కలుపుకుంటే, ‘సీఎఫ్’ అని రాయించుకోగలిగిన కుటుంబాలు ఎంత తక్కువో అర్థమవుతుంది. తర్వాతి తరాల్లో ఆ రెండక్షరాలు ఇంటిపేరుకు ఒక గౌరవంలా మారాయి. తాత ముత్తాతల్లో ఖైదీ ఉంటే ఆ సంగతి దాచిపెట్టడం ఆస్ట్రేలియాలో 20వ శతాబ్దం నడిమి దాకా మామూలే.

‘ఫ్రీ’ అనే ఇంగ్లీషు మాటను తెలుగులో ఒక్క మాటతో చెప్పలేం. ఒక అర్థానికి ‘స్వేచ్ఛ’ అనాలి, ఇంకో అర్థానికి ‘ఉచితం’ అనాలి. తొలినాటి వలస రైతుల విషయంలో ఈ రెండు అర్థాలూ నిజమే. వాళ్లు స్వేచ్ఛగా వచ్చారు. అక్కడ వాళ్లకు దొరికిన నేల, తిండి, పనిముట్లు, పనిమనుషులు అన్నీ ఉచితంగా వచ్చాయి. ఇందులో మొదటి అర్థాన్ని కుటుంబ చరిత్రలు గర్వంగా చెప్పుకుంటాయి. రెండోదాని గురించి అంత వివరంగా మాట్లాడవు. ఉచితంగా వచ్చిన ప్రతిదానికీ ఎవరో ఒకరు మూల్యం చెల్లించారు. వాళ్లెవరో చూడడానికి థామస్, జేన్ రోజ్ దంపతుల కుటుంబ చరిత్ర మంచి ఉదాహరణ. రైతులుగా స్థిరపడడానికే ఇంగ్లండ్ నుంచి బయలుదేరి వచ్చిన మొట్టమొదటి బృందం వీళ్లది. 1828 నాటికి జేన్ పోయి ఏడాది అయింది. థామస్ ఇంకా బతికే ఉన్నారు.

అసలు రైతుల అవసరం ఎందుకొచ్చిందో ముందు చూడాలి. 1788 జనవరిలో 11 ఓడల్లో సుమారు 750 మంది ఖైదీలతో సిడ్నీ తీరానికి చేరిన గవర్నర్ ఆర్థర్ ఫిలిప్‌కు కొద్ది నెలల్లోనే ఒక సంగతి తెలిసొచ్చింది. లండన్ వీధుల్లో దొంగతనాలు చేసి పట్టుబడినవాళ్లకు దుక్కి ఎప్పుడు చేయాలో, విత్తు ఎంత లోతున వేయాలో తెలియదు. వాళ్ల మీద అజమాయిషీ చేయాల్సిన సైనికులకూ తెలియదు. అదే ఏడాది జులైలో ఫిలిప్ లండన్‌కు రాసిన ఉత్తరంలో, కుటుంబాలతో సహా 50 మంది రైతులను పంపితే తిండి విషయంలో ఈ వలసను తన కాళ్ల మీద నిలబెట్టడానికి వాళ్లు ఒక్క ఏడాదిలో చేసే పని వెయ్యి మంది ఖైదీలు కూడా చేయలేరని చెప్పారు. లండన్ పెద్దగా పట్టించుకోలేదు. 1790 మార్చిలో, తొలి ఓడలతో వచ్చిన సిరియస్ నార్ఫోక్ దీవి దగ్గర బద్దలైంది. రేషన్ తగ్గించారు, మళ్లీ తగ్గించారు. అదే ఏడాది జూన్‌లో వచ్చిన రెండో ఖైదీ ఓడల బృందంలో సుమారు వెయ్యి మంది ఖైదీలు ఎక్కితే, దాదాపు నాలుగో వంతు దారిలోనే చనిపోయారు. మిగిలినవాళ్లలో చాలామంది మంచం పట్టి దిగారు. ఆకలి తీర్చే చేతుల కోసం ఎదురుచూస్తే, ఇంకా ఆకలిగొన్న నోళ్లు వచ్చాయి.

తెలిసి తెలిసి అలాంటి చోటికి ఎవరు వస్తారు? క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కొన్ని కుటుంబాలను పంపాలన్న ఆలోచన ఒకటి సాగింది. అక్కడి పరిస్థితులు విని వాళ్లు వెనక్కి తగ్గారు. చివరికి 1792 ఆగస్టులో ఇంగ్లండ్ నుంచి బయలుదేరిన బెల్లోనా ఓడలో కొద్దిమంది వచ్చారు. 1793 జనవరి 16న ఆ ఓడ సిడ్నీలో లంగరు వేసింది. ఐదేళ్లుగా రైతుల కోసం అడుగుతూ వచ్చిన ఫిలిప్ అంతకు నెల రోజుల ముందే, 1792 డిసెంబర్ 11న, ఆరోగ్యం బాగోలేక ఇంగ్లండ్‌కు తిరిగి వెళ్లిపోయారు. తాను అడిగిన మనుషులను ఆయన ఆ నేల మీద చూడలేదు.

బృందం చాలా చిన్నది. ఇంగ్లండ్‌లోని డోర్సెట్ ప్రాంతపు రైతు థామస్ రోజ్, ఆయన భార్య జేన్, నలుగురు పిల్లలు థామస్, మేరీ, జాషువా, రిచర్డ్. వాళ్లతోపాటు వచ్చిన ఎలిజబెత్ ఫిష్ అనే యువతి. సిరియస్ ఓడలో పనిచేసి ఆ తీరాన్ని ముందే చూసిన థామస్ వెబ్, ఆయన భార్య, మేనల్లుడు జోసెఫ్ వెబ్. అలాగే సిరియస్‌తో సంబంధమున్న ఫ్రెడరిక్ మెరెడిత్. ఆడ ఖైదీలను తెచ్చిన లేడీ జూలియానా ఓడలో ఒకసారి వచ్చి వెళ్లిన ఎడ్వర్డ్ పావెల్. ఈ పావెల్ దిగిన కొద్దిరోజుల్లోనే ఎలిజబెత్ ఫిష్‌ను పెళ్లాడారు. ఆ పేరు గుర్తుంచుకోవాలి, తర్వాత మళ్లీ వస్తుంది. ఈ జాబితాలో ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ నేలను ముందే చూసినవాళ్లే మళ్లీ వచ్చే ధైర్యం చేశారు. ఏమీ చూడకుండా, ఇంటిల్లిపాదినీ వెంటపెట్టుకుని వచ్చింది రోజ్ కుటుంబం ఒక్కటే. 1792లో నలుగురు పిల్లలతో ఐదు నెలల ఓడ ప్రయాణానికి సిద్ధపడిన జేన్‌కు ఎంత గుండె ధైర్యం ఉండాలో ఆలోచించాల్సిందే.

వాళ్లతో సర్కారు చేసుకున్న ఒప్పందం ఆనాటి అధికారి డేవిడ్ కాలిన్స్ రాతల్లో స్పష్టంగా ఉంది. ఓడ ఖర్చు ప్రభుత్వానిది. వ్యవసాయ పనిముట్లు సర్కారు గోదాము నుంచి ఇస్తారు. రెండేళ్లపాటు తిండి ఇస్తారు. భూమికి పైసా ఖర్చు ఉండదు. పొలంలో పనిచేయడానికి ఖైదీలను ఇస్తారు, దానికీ ఖర్చు ఉండదు. పైగా ఆ ఖైదీలకు రెండేళ్ల రేషన్, ఒక ఏడాది బట్టలు కూడా సర్కారే చూసుకుంటుంది. నలుగురు పిల్లలున్న రోజ్‌కు 120 ఎకరాలు వచ్చాయి. వెబ్‌కు, పావెల్‌కు 80 చొప్పున, మెరెడిత్‌కు, జోసెఫ్ వెబ్‌కు 60 చొప్పున ఇచ్చారు. శిక్ష పూర్తి చేసుకున్న ఒంటరి మగవాడికి ఇచ్చేది 30 ఎకరాలు, పెళ్లయితే ఇంకో 20, ఒక్కో బిడ్డకు 10. అంటే ఇంతే పెద్ద కుటుంబం ఉన్న మాజీ ఖైదీకి 90 ఎకరాలు. ‘సీఎఫ్’ అనే రెండక్షరాల వెల 30 ఎకరాలన్నమాట.

సిడ్నీ నుంచి పడమరన ఉన్న పరమటా ఊరికి వెళ్లే దారిలో, నదీపాయకు దక్షిణాన వాళ్లకు చూపించిన చోటికి లిబర్టీ ప్లెయిన్స్ అని పేరు పెట్టారు. ఇప్పటి హోమ్‌బుష్, స్ట్రాత్‌ఫీల్డ్ ప్రాంతం అది. స్వేచ్ఛగా వచ్చినవాళ్లు ఉండే మైదానం కాబట్టి ఆ పేరు. పేరు గొప్పదే గానీ మట్టి మాత్రం పేలవం. పైన పలచటి గడ్డి, కింద బిగుసుకున్న బంకమట్టి. డోర్సెట్‌లో తరాలుగా ఎరువు వేసి సాకిన పొలాలను చూసిన కన్ను ఆ నేలను అంచనా వేయలేకపోయింది. నాగళ్లు లేవు, లాగే పశువులు లేవు. చెట్లు నరికి, మొదళ్లు అలాగే వదిలేసి, వాటి మధ్య చేతి పనిముట్లతో మట్టి పెకిలించి గోధుమ, మొక్కజొన్న చల్లడమే ఆనాటి సేద్యం. కర్ర నాగలితో ఏటా దుక్కి చేసే మన రైతుకు కూడా అది వెనకబడిన పద్ధతిలాగే కనిపించేది.

ఈ కుటుంబం తిన్న తిండిలో మన దేశానికీ ఒక వాటా ఉంది. ఇంగ్లండ్ మీద ఆధారపడితే ఆకలి చావు తప్పదని తెలిశాక ఫిలిప్ అట్లాంటిక్ ఓడను కలకత్తాకు పంపారు. 1792 జూన్‌లో అది బియ్యం, పప్పు, పిండి, కొన్ని గొర్రెలు, మేకలతో తిరిగి వచ్చింది. రోజ్ కుటుంబం దిగిన మరుసటి నెలలోనే షా హోర్ముజియర్ అనే ఇంకో ఓడ కలకత్తా నుంచి సరుకుతో వచ్చింది. ఆనాటి రికార్డుల్లో రేషన్ జాబితాల్లో ‘దాల్’ అన్న మాట అలాగే కనిపిస్తుంది. గోధుమ రొట్టె, ఉప్పు మాంసం అలవాటైన ఇంగ్లిష్ వాళ్లకు ఆ పప్పు రుచించలేదు. కానీ ఆ తొలి ఏళ్లలో వలస ప్రాణం నిలిపినవాటిలో బెంగాల్ గింజలు కూడా ఉన్నాయి. స్వతంత్ర రైతు అనే బొమ్మకు మొదటి రెండేళ్లు రంగు వేసింది సర్కారు గోదామే, ఆ గోదామును కొంత వరకు నింపింది కలకత్తా రేవు.

అలాగని రోజ్ కుటుంబం కష్టపడలేదని కాదు. చెట్టు కొట్టడం, మొద్దులు కాల్చడం, కోత కోయడం, నూర్చడం మనుషులను విరిచేసే పనులు. కుటుంబ కథల్లో ఇవన్నీ పెద్దాయన ఒక్కడే చేసినట్టు చెబుతారు. ఆ 120 ఎకరాల మీద నిజంగా చెమటోడ్చినవాళ్లు మూడు రకాలు: ఆ దంపతులు, పనికి చేతులు సాగిన పిల్లలు, జీతం లేని ఖైదీలు. జేన్ ఆ దేశంలో ఇంకా పిల్లలను కన్నారు. పాలు పితకడం, కోళ్లు, పెరడు, వంట, బట్టలు, ఇంటిల్లిపాదితోపాటు పనివాళ్ల తిండి, ఇవేవీ భూమి పట్టాల్లో ఎక్కలేదు. పట్టా థామస్ పేరు మీదే ఉంది. ఖైదీల పేర్లు సర్కారు మనుషుల లెక్క రాసుకునే మస్టర్ పుస్తకాల్లో ఉన్నాయి గానీ కుటుంబ వృక్షాల్లో లేవు. వంశావళి రాసేవాళ్లు మస్టర్ పుస్తకాన్ని కూడా పక్కన పెట్టుకుంటే కథ వేరేలా ఉంటుంది.

లిబర్టీ ప్లెయిన్స్ నేల కొద్ది ఏళ్లకే నిరాశపరిచింది. చాలామంది ఆ చోటు వదిలారు. రోజ్ కుటుంబం చివరికి హాక్స్‌బరీ నది ఒడ్డుకు చేరి, ఇప్పటి విల్బర్‌ఫోర్స్ ఊరి దగ్గర స్థిరపడింది. హాక్స్‌బరీ ఒడ్డు ఆనాటి రైతుల కలల ప్రదేశం. వరదలు తెచ్చి పరిచిన ఒండ్రు నేల, ఎరువు అక్కర్లేని నేల. గోదావరి, కృష్ణ లంకల్లో సేద్యం చూసినవాళ్లకు దాని గుణం ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, దాని ప్రమాదమూ చెప్పక్కర్లేదు. పరమటాలో మొదటి భూమి పట్టా అందుకున్న మాజీ ఖైదీ జేమ్స్ రూస్ కూడా తన పొలం అమ్మేసి 1794లో అక్కడికే వెళ్లారు. ఆ ఏడాది మొదట్లో 22 మందితో మొదలైన సేద్యం కొద్ది నెలల్లోనే 70 మందికి పెరిగింది. నది పొడవునా, నీటి అంచు నుంచి వెనక్కి సాగే సన్నటి చెక్కలుగా భూమి పంచారు.

కథ అసలు ముడి ఇక్కడే ఉంది. ఆ నది పేరు హాక్స్‌బరీ కాకముందు ద్యారబిన్. అది ఆ ప్రాంతపు ఆదివాసులైన ధారుగ్ ప్రజలది. ఏ ఒండ్రు నేల గోధుమకు బాగుందో, ఆ నేలలోనే వాళ్లు తరతరాలుగా తవ్వుకుని తినే దుంపలు పెరిగేవి. వాళ్ల ప్రధాన ఆహారాల్లో అదొకటి. దుంపలు తవ్వుకునే ఒడ్డును నరికి గోధుమ చల్లితే ధారుగ్ ఆడవాళ్లు ఏం తవ్వాలి, పిల్లలకు ఏం పెట్టాలి? అందుకే మొక్కజొన్న పండగానే వాళ్లు వచ్చి కంకులు కోసుకున్నారు. తమ నేల మీద పండినదాన్ని తీసుకోవడం వాళ్ల దృష్టిలో దొంగతనం ఎలా అవుతుంది? వలస రైతుల దృష్టిలో అది దోపిడీ. తుపాకులు పేలాయి, ఈటెలు లేచాయి. అంతకుముందే 1789లో మశూచి సిడ్నీ చుట్టుపక్కల ఆదివాసుల్లో సగం మందిని పొట్టనబెట్టుకుందని ఫిలిప్ అంచనా వేశారు. ఆ దెబ్బ నుంచి కోలుకోకముందే ఈ పొలాలు వచ్చిపడ్డాయి.

1795 జూన్‌లో తాత్కాలిక పాలకుడు విలియం పాటర్సన్ సుమారు 60 మంది సైనికులను హాక్స్‌బరీకి పంపారు. దొరికినవాళ్లను చంపి, మిగిలినవాళ్లు బెదరడానికి శవాలను వేలాడదీయాలని ఆదేశం. ఆ ఒండ్రు నేలను వదులుకోవాల్సి వస్తే వలస మొత్తం తిండికి కష్టపడాల్సి వస్తుందన్నది ఆయన భయం. అంటే గోధుమ లెక్క, తుపాకీ లెక్క ఒకే కాగితం మీద నడిచాయి. దీన్ని చెదురుమదురు గొడవలుగా చెప్పడం సరికాదు. అది నేల కోసం, తిండి కోసం జరిగిన యుద్ధం.

ముందు గుర్తుంచుకోమన్న ఎడ్వర్డ్ పావెల్ పేరు ఇక్కడ వస్తుంది. రోజ్ కుటుంబంతో ఒకే ఓడలో వచ్చి, ఆ ఇంటివాళ్లతో వచ్చిన అమ్మాయినే పెళ్లాడిన ఆయన, 1799 నాటికి హాక్స్‌బరీలో కానిస్టేబుల్. ఆ ఏడాది హాడ్జ్‌కిన్సన్, వింబో అనే ఇద్దరు కొండల వైపు వేటకు వెళ్లి ఆదివాసుల చేతిలో చనిపోయారు. కొద్దిరోజులకు ముగ్గురు ఆదివాసీ కుర్రాళ్లు రైతుల ఇళ్ల దగ్గరికి వచ్చారు. చనిపోయిన హాడ్జ్‌కిన్సన్ తుపాకీని తిరిగి తెచ్చిచ్చే విషయంలో వాళ్లకు పాత్ర ఉందని విచారణలో బయటపడింది. వాళ్లను పట్టుకుని చేతులు కట్టేశారు. ఒకడు తప్పించుకున్నాడు. రికార్డుల్లో జెమ్మీ, లిటిల్ జార్జ్ అని రాసిన మిగతా ఇద్దరినీ చంపేశారు. గవర్నర్ జాన్ హంటర్ ఈ కేసును కోర్టుకు పంపారు. పావెల్‌తోపాటు సైమన్ ఫ్రీబడీ, జేమ్స్ మెట్‌కాఫ్, విలియం టిమ్స్, విలియం బట్లర్ బోనెక్కారు. ఇద్దరు ఆదివాసులను చంపినట్టు నేరం రుజువైంది. కానీ శిక్ష వేయకుండా, లండన్ అభిప్రాయం వచ్చేదాకా అని వాళ్లను పూచీకత్తు మీద వదిలేశారు. 1802లో లండన్ నుంచి వాళ్లకు క్షమాభిక్ష వచ్చింది. నేరం చేశారని కోర్టే తేల్చిన ఐదుగురిలో ఒక్కరికీ శిక్ష పడలేదు. పావెల్ తర్వాత సిడ్నీ, పరమటాల మధ్య దారిలో సత్రం నడుపుకుంటూ గౌరవంగానే బతికారు.

ఆ కేసు పత్రాలు చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. అందులో సాక్షులు దాచిందేమీ లేదు. ఎవరు పట్టుకున్నారో, ఎక్కడికి తీసుకెళ్లారో ఇరుగుపొరుగువాళ్లు చెప్పారు. తెలియకపోవడం వల్ల న్యాయం ఆగలేదు, తెలిసే ఆగింది. ఇందులో థామస్ రోజ్ పేరు లేదు, ఆయన మీద మచ్చ వేయాల్సిన పనీ లేదు. అయితే ఆయన పొలం పండడానికి ఏ ఏర్పాటు కాపు కాసిందో ఈ కేసు చూపిస్తుంది. చేయి ఎత్తని మనిషి కూడా ఆ రక్షణ కిందే విత్తనం వేశాడు.

నది మాత్రం ఎవరినీ వదల్లేదు. 1799 మార్చిలో, 1806 మార్చిలో, 1809లో రెండుసార్లు, 1816, 1817ల్లో వరదలు వచ్చాయి. 1806 నాటిది అన్నింటికంటే క్రూరమైనది. అప్పటికి సిడ్నీ తినే గోధుమలో ఎక్కువ భాగం ఆ లోయదే. కుప్పలు, పశువులు, గుడిసెలు కొట్టుకుపోయాయి, రొట్టె ధర ఆకాశానికి ఎక్కింది. ఆ నది ఎంత ఎత్తుకు లేస్తుందో ధారుగ్ ప్రజలకు ముందే తెలుసు, తొలి వలసదారులు కూడా చెట్ల కొమ్మల్లో ఇరుక్కున్న పాత చెత్తను చూశారు. అయినా గింజ వేసిన చోటే కాపలాకు ఇల్లు కట్టుకోవాలన్న ఆత్రుతలో ఆ గుర్తును పెద్దగా లెక్కచేయలేదు. 1810లో గవర్నర్ లాక్లన్ మెక్వారీ గట్టు ఎత్తున ఉన్న చోట్ల ఐదు ఊళ్లు గుర్తించి, ఇళ్లు అక్కడికి మార్చుకోమన్నారు. విండ్సర్, రిచ్‌మండ్, పిట్ టౌన్, కాసల్‌రే, విల్బర్‌ఫోర్స్. చివరిది బానిస వ్యాపారం మీద పార్లమెంటులో పోరాడిన విలియం విల్బర్‌ఫోర్స్ పేరు. ఆ పేరున్న ఊళ్లోనే జీతం లేని ఖైదీలు పొలాల్లో పనిచేశారు.

వరదకు తోడు అప్పు. గోధుమకు సర్కారు గోదాము ఒక బుషెల్‌కు (ఆనాటి ధాన్యం కొలత) 10 షిల్లింగులు ఇచ్చేది. గోదాము ఎవరి ధాన్యం ఎప్పుడు కొనాలన్నది అధికారుల చేతిలో ఉండేది. ఓడల్లో వచ్చే రమ్, బట్ట, ఇనుము వలసకు కాపలా ఉన్న న్యూ సౌత్ వేల్స్ కోర్ అనే దళపు సైనికాధికారులు మొత్తంగా కొని, ఎన్నో రెట్లకు అమ్మేవాళ్లు. ఫిలిప్ వెళ్లాక పాలన చేపట్టిన ఫ్రాన్సిస్ గ్రోస్ ఆ అధికారులకు భూములూ, సర్కారు తిండి తినే ఖైదీలనూ ఇచ్చారు. చిన్న రైతు పంట కోతకు రాకముందే అంగడికి బాకీ పడేవాడు. అప్పులిచ్చిన షావుకారే పంట కొనే చోట రైతు గతి ఏమవుతుందో తెలుగు పల్లెలకు బాగా తెలుసు. 1806 వరద తర్వాత వచ్చిన గవర్నర్ విలియం బ్లై పంట కొంటానని మాటిచ్చి, గోదాము సరుకు సరసమైన ధరకు ఇప్పించారు. అందుకే 1808 జనవరి 26న సైన్యం ఆయనను బంధించి అధికారం లాక్కున్నప్పుడు హాక్స్‌బరీ చిన్న రైతుల్లో చాలామంది ఆయన పక్షాన నిలిచారు. సిడ్నీ పెద్దల చరిత్రలో బ్లై నియంత. ఆ లోయ రైతుల మాట విన్నాక ఆ మాటను అంత సులువుగా నమ్మలేం.

వచ్చేవాళ్లలో కూడా తరగతులు పుట్టాయి. 1806, 1807ల్లో వచ్చిన గ్రెగరీ, జాన్ బ్లాక్స్‌లండ్ సోదరులు డబ్బున్నవాళ్లు. 6 వేల పౌండ్లు పెట్టుబడి పెడతానన్న మాట మీద జాన్‌కు 8 వేల ఎకరాలు, 80 మంది ఖైదీలను ఇస్తామని లండన్ ఒప్పుకుంది. రోజ్ కుటుంబానికి దొరికినదానికి అది 66 రెట్లకు పైనే. పేరుకు ఇద్దరూ ‘సీఎఫ్’. ఒకరు వెన్నెముక విరుచుకునే సన్నకారు రైతు, ఇంకొకరు గడ్డి భూముల దొర. ఆస్ట్రేలియాలో స్వేచ్ఛా వలస చరిత్ర అని ఒకే మూటగా చెప్పేటప్పుడు ఈ తేడా మాయమవుతుంది.

1811 ప్రాంతంలో రోజ్ కుటుంబం విల్బర్‌ఫోర్స్ దగ్గర కట్టుకున్న కొయ్య ఇల్లు ఈనాటికీ ఉంది. రోజ్ కాటేజ్ అంటారు. కట్టిన చోటే నిలిచి ఉన్న ఆస్ట్రేలియా కొయ్య ఇళ్లలో అత్యంత పాతవాటిలో అదొకటి. పెద్ద భవంతి ఏమీ కాదు, గొడ్డలితో చీల్చిన మొద్దుల గోడలు, తక్కువ ఎత్తు కప్పు. జేన్ 1827లో, థామస్ 1833లో కన్నుమూశారు. వాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు ఆ లోయ నిండా పరుచుకున్నారు. పిల్లలు, మనవలు పెళ్లాడింది ఎవరినన్నది చూస్తే, ఖైదీ రక్తం, స్వేచ్ఛా రక్తం అన్న గీత ఆ పల్లెల్లో రెండు తరాలు కూడా నిలవలేదు. ఆ గీత నిలిచింది జనాభా లెక్కల కాగితాల మీద, ఆ తర్వాత పుట్టిన గొప్పల్లో.

అదే లోయలో ఇంకో కుటుంబ చరిత్ర ఉంది. రోజ్ కుటుంబ కథ పక్కన దాన్ని పెట్టకపోతే రెండూ సగమే. 1791 ఏప్రిల్‌లో ఫిలిప్ బృందం హాక్స్‌బరీ చూడడానికి వెళ్లినప్పుడు గోంబీరీ, ఆయన కొడుకు యర్రమండి అనే ధారుగ్ పెద్దలు స్నేహంగా ఎదురొచ్చారు. ఈ యర్రమండి కూతురు మరియా. 1814లో పరమటాలో మెక్వారీ ఆదివాసీ పిల్లల కోసం పెట్టిన బడిలో ఆమెను చేర్చారు. 1819లో తెల్ల పిల్లలు సుమారు వందమందితో కలిసి రాసిన పరీక్షలో ఆమె మొదటి బహుమతి గెలిచింది. 1824లో రాబర్ట్ లాక్ అనే ఖైదీ వడ్రంగిని పెళ్లాడింది. ఆ ఖైదీని పనివాడిగా అప్పగించింది ఆమెకే, అంటే భర్త కాగితాల మీద భార్యకు అప్పజెప్పిన ఖైదీ.

మరియా అన్న కోల్బీకి, నురాగింజీ అనే మరో పెద్దకు కలిపి 1816లో మెక్వారీ బ్లాక్‌టౌన్ వైపు 30 ఎకరాలు ఇచ్చారు. అదే ఏడాది ఆదివాసుల మీద సాగిన సైనిక చర్యల్లో దారి చూపినందుకు దక్కిన బహుమతి అది. ఏప్రిల్‌లో సిడ్నీకి నైరుతిన ఆపిన్ దగ్గర కనీసం 14 మంది ఆదివాసులను చంపింది ఆ చర్యల్లోనే. తమ పూర్వీకుల నేలలో 30 ఎకరాలు. శిక్ష ముగిసిన ఒంటరి ఖైదీకి వచ్చే వాటా ఎంతో, అంతే. అదీ ఇద్దరికి కలిపి. అన్న పోయాక ఆ నేల తనకు రావాలని మరియా 1831లో గవర్నర్‌కు అర్జీ పెట్టుకుంది. 1843లో గానీ అది ఆమె చేతికి రాలేదు. 12 ఏళ్లు. థామస్ రోజ్‌కు 120 ఎకరాలు రావడానికి పట్టింది కొన్ని వారాలు.

మరియా అర్జీ పెట్టిన 1831లోనే భూమిని ఉచితంగా ఇచ్చే పద్ధతి ముగిసింది. అక్కడి నుంచి ఎకరా కనీసం 5 షిల్లింగులకు వేలం వేసి, ఆ డబ్బుతో బ్రిటన్ పేదలను ఓడలెక్కించారు. అంటే ధారుగ్ వంటి జనాల నేల అమ్మిన సొమ్ముతోనే వాళ్ల నేల మీదికి ఇంకా జనాన్ని తెచ్చారు. అదే సామ్రాజ్యం అదే కాలంలో ఉత్తర సర్కారుల్లో ఏం చేసిందో తెలుగువాళ్లకు తెలుసు. 1802లో అక్కడ శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చి, ఎవరు ఎంత కట్టాలో జమీందార్ల పేర్లతో సహా రాసుకుంది. మన దగ్గర శిస్తు కావాలి కాబట్టి నేలకు హక్కుదారులను వెతికింది. అక్కడ నేలే కావాలి కాబట్టి హక్కుదారులు లేరంది. ఆ మాట చట్టపరంగా తప్పని ఆస్ట్రేలియా హైకోర్టు చెప్పడానికి 1992 జూన్ 3న వచ్చిన మాబో తీర్పు దాకా ఆగాల్సి వచ్చింది.

మరియా 1878లో చనిపోయింది. కోల్బీ నేల ఆమె వారసుల చేతిలో 1920 ప్రాంతం దాకా ఉంది, తర్వాత ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఈనాటి ధారుగ్ ప్రజల్లో చాలామంది ఆమె సంతతే. ఆ 30 ఎకరాలకు ఎదురుగా, రోడ్డు అవతల, ఆదివాసీ పిల్లల బడిని 1823లో మార్చిన స్థలం ఉంది. 2018లో ఆ స్థలాన్ని ధారుగ్ ప్రజలకు తిరిగి అప్పగించారు.